సర్వర్ డౌన్ అనే ముందు

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులు, ఆన్‌లైన్ సెంటర్లు నడిపేవాళ్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలల్ల చదువుకునే పిల్లలున్నరు. ఎనుక వరుసలల్ల జడ్చర్ల, దేవరకద్ర, నారాయణపేట, అచ్చంపేట దిక్కు నుంచి వచ్చిన సెంటర్లోళ్లున్నరు. నేను నల్లగొండల ఉంట. ఆఫీసులకు, కాలేజీలకు, మిల్లులకు నెట్‌వర్క్ చూసుకునుడు నా పని. మీ ఇద్దరికీ ఒకటే మాట చెప్పుదామని వచ్చిన.

మన దిక్కు ఒక మాట మస్తు చలామణిల ఉన్నది. ‘సర్వర్ డౌన్.’ కౌంటర్ ముందట ఒక పెద్దమనిషి నిలవడి ఉంటడు. చేతిల ఆధార్ కార్డు, పాత పాస్‌బుక్కు, ప్లాస్టిక్ కవర్ల చుట్టుకొని తెచ్చిన కాగితాలు. తెర మీద చక్రం తిరుగుతనే ఉంటది, పేజీ రాదు. మనం తల ఎత్తకుండనే ‘సర్వర్ డౌన్ ఉన్నది, రేపు రాండ్రి’ అంటం. ఆయన మారు మాట్లాడడు. సర్వర్ అంటే ఏందో తనకు తెల్వదు, మనకు తెలుసు అనుకుంటడు. అమ్రాబాద్ నుంచి అచ్చంపేటకు వచ్చినాయనకైనా, చందంపేట నుంచి దేవరకొండకు వచ్చినామెకైనా ఆ ‘రేపు’ అంటే ఇంకొక రోజు కూలి పోయినట్టే.

సర్వర్ అంటే సైటును నడిపించే అవతలి కంప్యూటర్. అది నిజంగ డౌన్ అయితే మనం చేసేదేం లేదు. కానీ నేను చూసిన కాడ చాలాసార్లు సర్వర్ మంచిగనే ఉంటది. ఇక్కడ కేబుల్ క్లిప్పు ఇరిగి ఉంటది. లేకుంటే మన రౌటర్ సైటు పేరు ఎనుక ఉండే నంబరు అడ్రస్‌ను తెచ్చియ్యలేకపోతది. లేకుంటే కంప్యూటర్ల తారీఖు తప్పు ఉంటది. ఇవన్నీ రెండు మూడు నిమిషాలల్ల తేలే ముచ్చట్లు. ఆ రెండు మూడు నిమిషాలు మనం పెట్టకుండ ఎదుటి మనిషి రోజును ఖర్చు పెట్టే హక్కు మనకు లేదని నేను గట్టిగ నమ్ముత.

బ్రౌజర్‌తోని ఒక ఇబ్బంది ఉన్నది. ఏది ఫెయిలైనా దాదాపు ఒకే తీరు పేజీ చూపెడ్తది. పెద్ద అక్షరాలల్ల సైటు దొరుకుతలేదు అని రాస్తది, మనం అక్కడికే ఆగిపోతం. కింద సన్నక్షరాలల్ల ఒక కోడ్ ఉంటది, దాన్ని చదవాలె. ఒకసారి ‘నేమ్ నాట్ రిజాల్వ్‌డ్’ అని ఉంటది, ఒకసారి ‘కనెక్షన్ రెఫ్యూజ్‌డ్’ అని, ఒకసారి ‘కనెక్షన్ టైమ్‌డ్ అవుట్’ అని. మూడూ వేరే వేరే సమస్యలు. ఎక్కడ చూడాలె, ఎవలికి ఫోన్ చెయ్యాలె అనేది కూడ మూడింటికీ వేరే.

‘నేమ్ నాట్ రిజాల్వ్‌డ్’ అంటే సైటు పేరుకు నంబరు దొరకలేదు. అంటే మన దగ్గర నుంచి ఆ సర్వర్ దిక్కు ఒక్క ప్యాకెట్, అంటే ఒక్క డేటా ముక్క, కూడ ఇంకా పోలేదు. పోనే పోనప్పుడు సర్వర్ డౌన్ అని మనకెట్ల తెలుస్తది?

మిగిలిన రెండు తెలియాలంటే కనెక్షన్ ఎట్ల కుదురుతదో తెలియాలె. మనం ముందుగాల ‘సిన్’ అనే చిన్న ప్యాకెట్ పంపుతం. అవతలి మిషన్‌కు నంబర్లున్న తలుపులు ఉంటయ్, వాటిని ‘పోర్ట్’లంటరు. మనం కొట్టిన పోర్ట్ మీద ఏదన్న ప్రోగ్రాం వింటుంటే ‘సిన్-యాక్’ వాపసు వస్తది. దానికి మనం ‘యాక్’ పంపుతం. ఇగ మాటలు మొదలైతయ్. అవతలి మిషన్ ఉన్నది గానీ ఆ పోర్ట్ మీద వినే ప్రోగ్రాం లేదనుకోండి. అప్పుడది ‘రీసెట్’ అనే ప్యాకెట్ కొడ్తది. దాన్నే మన తెర మీద ‘రెఫ్యూజ్‌డ్’ అని చూస్తం. అసలు ఏ జవాబూ రాకుంటే మన మిషన్ ఆగి ఆగి మళ్ల పంపుతది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల అయితే ఆగే టైము రెట్టింపు చేసుకుంట పోతది, ఒక్కోసారి రెండు నిమిషాల దాక చూస్తది. ఆఖరికి ‘టైమ్‌డ్ అవుట్’ అంటది.

పెండ్లి కార్డు ఇచ్చి రమ్మని పిల్లగాణ్ని పక్క ఊరికి పంపినమనుకోండి. వాడు తిరిగొచ్చి ‘ఆ ఇంట్ల ఎవ్వలూ లేరంట, పక్కింటోళ్లు చెప్పిన్రు’ అంటే మనకు చాలా సంగతులు తెలిసినట్టే. తొవ్వ మంచిగున్నది, ఊరు దొరికింది, ఇల్లు దొరికింది. వాడు తిరిగే రాకుంటే తొవ్వల చిక్కుకున్నడా, ఊరే చేరలేదా, అక్కడనే కూసున్నడా ఏమీ తెల్వదు. రెఫ్యూజ్‌డ్ అనేది ఆ మొదటి తీరు వార్త. అది చూసి కోపం తెచ్చుకోవద్దు. కేబుల్, రౌటర్, కంపెనీ లైను అన్నీ పని చేస్తున్నయని అదొక్కటే మనకు చెప్పింది. ఇగ చూసేది అవతలి మిషన్ మీది ప్రోగ్రాంనే. టైమ్‌డ్ అవుట్ వచ్చిందంటే మాత్రం నడుమ తొవ్వను, ప్యాకెట్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌ను వెతకాలె.

దీంట్ల ఒక మెలిక ఉన్నది, చదువుకునే పిల్లలు రాసుకోండి. అవతలిది విండోస్ మిషన్ అయ్యి దాని ఫైర్‌వాల్ ఆన్‌ల ఉంటే, ప్రోగ్రాం లేని పోర్ట్‌కు కూడ రీసెట్ పంపకుండ సప్పుడు చెయ్యక ఊకుంటది. ‘స్టెల్త్ మోడ్’ అంటరు దాన్ని. కాబట్టి విండోస్ దిక్కు పోయినప్పుడు టైమ్‌డ్ అవుట్ వస్తే ఫైర్‌వాలూ కావచ్చు, ప్రోగ్రామే లేకపోవుడూ కావచ్చు. ఆ మిషన్ కాడికి పోయి చూడాల్సిందే.

ఇగ కీబోర్డ్ మీద చెయ్యి పెడ్దాం. సెంటర్లల్ల అందరికీ విండోసే ఉంటది గాబట్టి దానితోనే చెప్త. విండోస్ కీ, ఆర్ కలిపి ఒత్తి సీఎండీ అని కొడ్తే నల్ల తెర వస్తది. అందుల ‘ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్’ అని కొట్టండి, స్లాష్‌కు ముందట ఒక స్పేస్. చాంతాడంత వస్తది, భయపడొద్దు. మనకు కావాల్సినవి మూడు: ఐపీవీ4 అడ్రస్, అంటే మీ మిషన్ నంబరు; డీఫాల్ట్ గేట్‌వే, అంటే బయటికి తొవ్వ చూపే మీ రౌటర్; డీఎన్ఎస్ సర్వర్స్, అంటే సైటు పేరుకు నంబరు చెప్పేవి.

అడ్రస్ 192.168 తోని మొదలైతే మామూలే. 169.254 తోని మొదలైందా, అక్కడనే ఆగండి. మీ మిషన్ ‘నాకొక అడ్రస్ ఇయ్యండి’ అని అడిగింది, రౌటర్ నుంచి జవాబు రాలేదు, అది తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకున్నది. అంటే తప్పు మీ మిషన్‌కూ మీ రౌటర్‌కూ నడుమనే ఉన్నది. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే లాభం లేదు. కేబుల్ చివర ప్లాస్టిక్ క్లిప్పు ఇరిగితే సాకెట్ల ఉన్నట్టే కనిపిస్తది గానీ టేబుల్ జర కదిలితే ఊడుతది. కంప్యూటర్ల కేబుల్స్‌ను కలిపే నెట్‌వర్క్ స్విచ్ అడాప్టర్‌ను ఇన్వర్టర్‌కు కలపకుంటే కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ నడుస్తది, స్విచ్ నడవది. మన దుకాణాలల్ల టేబుల్ కింద కేబుల్‌ను ఎలుకలు కొరుకుడు కూడ ఉన్నదే.

ఇంకొకటి గమనించండి. పక్క మిషన్లకు 192.168.1 తోని అడ్రస్‌లున్నయ్, ఒక్క మిషన్‌కే 192.168.0 తోని వచ్చింది అంటే ఎవలో వైఫై బలం పెరగాలని రెండో రౌటర్ తెచ్చి అదే స్విచ్‌కు గుచ్చిన్రు. ఇప్పుడు అడ్రస్‌లు పంచేవి రెండైనయ్. ఏది ముందు జవాబిస్తే దాని అడ్రస్ తీసుకుంటది. పొద్దుగాల మంచిగ నడిచింది, మధ్యాహ్నం రీస్టార్ట్ చేసినంక నడుస్తలేదు అనే వింత చాలాసార్లు ఇదే. రెండో రౌటర్ల డీహెచ్‌సీపీ, అంటే ఆ అడ్రస్‌లు పంచే పని, బంద్ చేస్తే అయిపోతది.

తర్వాత గేట్‌వేకు పింగ్, అంటే ‘ఉన్నవా’ అని అడిగి జవాబు చూసుడు. ‘పింగ్ 192.168.1.1’ అని, మీ తెర మీద గేట్‌వే ఎంతుంటే అంత కొట్టండి. ఈ పింగ్‌ను 1983 డిసెంబర్‌ల అమెరికా సైన్యం పరిశోధనశాలల పనిచేసే మైక్ మూస్ అనే ఆయన రాసిండు. నీళ్ల కింద సోనార్ చేసే సప్పుడే ఆ పేరు. ఇక్కడున్న పిల్లల్ల ఎవ్వలూ అప్పటికి పుట్టలేదు. అది ఇయ్యాల్టికీ మన పని చేసి పెడ్తున్నది. నాకు దాని మీద నిజంగ గౌరవం.

పింగ్ కొడ్తే విండోస్‌ల నాలుగు వరుసలు వస్తయ్. ఇక్కడ చాలామంది మోసపోయే జాగ ఒకటున్నది. కింద లెక్కల ‘సెంట్ 4, రిసీవ్డ్ 4, లాస్ట్ 0’ అని చూసి మంచిగున్నది అనుకుంటరు. పైన నాలుగు వరుసలల్ల ఏం రాసున్నదో చదవరు. అక్కడ ‘రిప్లై ఫ్రమ్’ అని మీ సొంత మిషన్ అడ్రసే రాసి, పక్కపొంటి ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని ఉండొచ్చు. అంటే మీ మిషనే మీకు ‘ఆ అడ్రస్ మనిషి ఈ వాడల లేడు’ అని చెప్పుతున్నది. విండోస్ దాన్ని కూడ వచ్చిన జవాబు కింద లెక్కగడ్తది. సున్నా లాస్ అని చూపెడ్తది గానీ ఒక్క ప్యాకెట్ కూడ రౌటర్‌ను ముట్టలేదు. అందుకే కింది లెక్క కన్న ముందు పై వరుసలు చదవండి.

గేట్‌వే జవాబిస్తే బయటికి పోదాం. ‘పింగ్ 8.8.8.8’. ఇది గూగుల్ 2009ల పెట్టిన పబ్లిక్ డీఎన్ఎస్ సర్వర్ అడ్రస్. నంబరే ఇస్తున్నం గాబట్టి ఇక్కడ పేరుతోని పని లేదు. ఇది పోతున్నది, సైటు పేరు కొడ్తే పోతలేదు అంటే నెట్ ఉన్నది, పేరుకు నంబరు దొరుకుతలేదు అని తేలిపోయింది. చెయ్యి పైకెత్తండి, ఇట్ల ఎంతమందికి అయింది? చూసిన్రా, సగం మంది ఎత్తిన్రు.

అప్పుడు ‘ఎన్ఎస్‌లుకప్’ అని కొట్టి స్పేస్ ఇచ్చి సైటు పేరు రాయండి. అది మీ రౌటర్‌నో, కంపెనీ డీఎన్ఎస్‌నో అడుగుతది. జవాబు రాకుంటే అదే కమాండ్‌ను ఇంకోసారి, చివర స్పేస్ ఇచ్చి 8.8.8.8 అని కలిపి కొట్టండి. ఇప్పుడు గూగుల్ డీఎన్ఎస్‌ను నేరుగ అడిగినట్టు. దీనికి జవాబొచ్చి దానికి రాలేదంటే తప్పు ఎక్కడున్నదో మీ కండ్ల ముందటనే ఉన్నది. అడాప్టర్ సెట్టింగ్స్‌ల డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8, 1.1.1.1 పెట్టుకుంటే లైన్ల ఉన్నోళ్ల పని నడుస్తది. రౌటర్ సంగతి సాయంత్రం చూసుకోవచ్చు. రెండు దిక్కులా ‘నాన్ ఎగ్జిస్టెంట్ డొమైన్’ అని వస్తే మాత్రం డీఎన్ఎస్ మంచిగ పని చేస్తున్నది. మీరు పేరే తప్పు కొట్టిన్రు, లేకుంటే ఆ పేరు ఇప్పుడు లేదు.

ఎన్ఎస్‌లుకప్ ఒక నంబరు చెప్పుతది, అదే పేరుకు పింగ్ కొడ్తే ఇంకో నంబరుకు పోతది. ఇట్ల ఎప్పుడన్న కనిపిస్తే సీ డ్రైవ్‌ల విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్ల హోస్ట్స్ అనే ఫైల్ చూడండి. ఎప్పుడో ఏదో సాఫ్ట్‌వేర్ అందుల ఒక వరుస రాసి పోయి ఉంటది. పింగ్, బ్రౌజర్ ఆ ఫైల్‌ను చూస్తయ్, ఎన్ఎస్‌లుకప్ చూడదు.

పింగ్ గురించి ఇంకొక్క మాట. సైటుకు పింగ్ పోతలేదు గాబట్టి సైటు చచ్చిపోయింది అని తీర్పు చెప్పొద్దు. పింగ్‌కు జవాబియ్యకుండ చాలా సర్వర్లను కట్టేసి పెడ్తరు. మీకు కావాల్సింది పింగ్ గాదు, వెబ్‌సైట్. వెబ్‌సైట్ ఉండేది 443 పోర్ట్ మీద. కాబట్టి ఆ పోర్ట్ తలుపే కొట్టి చూడాలె. పవర్‌షెల్ తెరిచి ‘టెస్ట్ హైఫన్ నెట్‌కనెక్షన్’ అని, సైటు పేరు రాసి, ‘హైఫన్ పోర్ట్ 443’ అని కొట్టండి. ‘టీసీపీటెస్ట్‌సక్సీడెడ్’ ఎదురుంగ ట్రూ అని వస్తే తలుపు తెరిచే ఉన్నది. లినక్స్‌ల దీనికి ‘ఎన్‌సీ హైఫన్ జెడ్‌వీ’ ఉన్నది.

ఇంక లోతుకు పోవాలంటే కర్ల్. 2018 నుంచి విండోస్ 10ల అదే వస్తున్నది, వేరే ఇన్‌స్టాల్ చేసే పని లేదు. ‘కర్ల్ హైఫన్ వీ’ అని కొట్టి సైటు అడ్రస్ హెచ్‌టీటీపీఎస్‌తోని సహా రాయండి. పవర్‌షెల్‌ల కొట్టేటప్పుడు ‘కర్ల్ డాట్ ఈఎక్స్ఈ’ అని పూర్తిగ రాయాలె, లేకుంటే వేరే కమాండ్ నడుస్తది. నాకు అన్నిటికన్న ఇష్టమైన కమాండ్ ఇది, ఎందుకంటే అడుగడుగూ చెప్పుతది. ముందు పేరుకు నంబరు దొరికిందా, తర్వాత ‘ట్రైయింగ్’ అని ఆ నంబరు, తర్వాత ‘కనెక్టెడ్’, తర్వాత సైటు అసలుదే అని చూపెట్టే సర్టిఫికెట్ ముచ్చట, ఆఖరికి సర్వర్ ఇచ్చిన జవాబు నంబరు. ఏ మెట్టు కాడ ఆగిందో అదే సమస్య. అన్ని మెట్లూ దాటి ఆఖర్న 502, 503, 504 అని వచ్చిందా? ఇప్పుడు మీరు ధైర్యంగ అనొచ్చు, సర్వర్ డౌన్ అని. అది మీ అంచనా గాదు, సర్వరే చెప్పిన మాట. ఆ పెద్దమనిషికి ‘అయ్యా, ఇక్కడ మాది మంచిగున్నది, వాళ్ల దిక్కే ఆగింది, మీ నంబరు ఇయ్యండి, వచ్చినంక ఫోన్ చేస్త’ అని చెప్పండి. అప్పుడు ఆయన మీ మాట నమ్మి పోతడు.

సర్టిఫికెట్ మెట్టు కాడ ఆగిన ముచ్చట ఒకటి చెప్త. ఒక మండల కేంద్రంల సెంటర్, మిషన్లల్ల ఒకటి పాతది. ఆ ఒక్క మిషన్‌ల ఏ ప్రభుత్వ సైటూ తెరుచుకుంటలేదు. గేట్‌వే పింగ్ పోతున్నది, 8.8.8.8 పోతున్నది, పేర్లకు నంబర్లు వస్తున్నయ్, 443 తలుపు తెరిచే ఉన్నది. బ్రౌజర్ మాత్రం ప్రైవసీ హెచ్చరిక ఇస్తున్నది. కింద సన్నక్షరాలల్ల ‘సర్ట్ డేట్ ఇన్‌వ్యాలిడ్’ అని ఉన్నది. నల్ల తెర మీద ‘డేట్’ అని కొడ్తే ఎన్నో ఏండ్ల కిందటి తారీఖు వచ్చింది. మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ల లెక్క ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా మిషన్ తారీఖు మర్చిపోయి ఎనుకకు పోతున్నది. సైటు సర్టిఫికెట్‌కు ఒక మొదటి తారీఖు, ఒక చివరి తారీఖు ఉంటయ్. మిషన్ లెక్క ప్రకారం ఆ మొదటి తారీఖు ఇంకా రానే లేదు. అందుకే నమ్మనంటది. ఆ బ్యాటరీ ఏ వాచీల దుకాణంలనన్న దొరుకుతది. తారీఖు సరిచేస్తే ఆ నిమిషమే సైట్లు తెరుచుకున్నయ్. అప్పటి దాక ఆ మిషన్ ముందట కూసున్నోళ్లందరికీ సర్వర్ డౌన్ అనే చెప్పిన్రు.

ఇప్పుడు పిల్లల దిక్కు వస్త. మీరు ప్రాజెక్టులు చేస్తున్నరు, పైథాన్ వాళ్లు వాడే ఫ్లాస్క్‌లనో, ఇంకో దాంట్లనో వెబ్‌సైటు రాస్తున్నరు. మీ ల్యాప్‌టాప్‌ల మంచిగ తెరుచుకుంటది, అదే వైఫై మీదున్న దోస్తు ల్యాప్‌టాప్‌ల తెరుచుకోదు. లినక్స్ అయితే ‘ఎస్ఎస్ హైఫన్ టీఎల్ఎన్‌పీ’ అని కొట్టండి. ఏ ప్రోగ్రాం ఏ అడ్రస్ మీద, ఏ పోర్ట్ మీద వింటున్నదో వరుసగ చూపెడ్తది. విండోస్‌ల అయితే ‘నెట్‌స్టాట్ హైఫన్ ఏఎన్ఓ’. అందుల 127.0.0.1, పక్కన 5000 అని ఉన్నదా? అది మీ మిషన్ లోపలి అడ్రస్. ఫ్లాస్క్‌ను ఏమీ చెప్పకుండ నడిపిస్తే అక్కడనే కూసుంటది. బయటోళ్లు వచ్చి ఎంత అడిగినా లినక్స్ ‘రెఫ్యూజ్‌డ్’ అంటది. హోస్ట్‌ను 0.0.0.0 అని మార్చి నడిపిస్తే అన్ని అడ్రస్‌ల మీద వింటది. అప్పటికీ దోస్తుకు టైమ్‌డ్ అవుట్ వస్తే ఫైర్‌వాల్ చూడండి. లినక్స్‌ల ‘సుడో యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్’ కొడ్తే తెలుస్తది. ఫైర్‌వాల్ కూడ మంచిగున్నదంటే వైఫై సంగతి అడగండి. హాస్టళ్లల్ల, గెస్ట్ వైఫైలల్ల ఒక ల్యాప్‌టాప్‌కు ఇంకోటి కనిపించకుండ కట్టేసి పెడ్తరు. ఇద్దరికీ ఇంటర్నెట్ వస్తది, ఒకరికొకరు మాత్రం కనిపించరు. ఒకరి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇద్దరూ కలిసి చూస్తే తేలుతది.

ఒకసారి రెఫ్యూజ్‌డ్ వచ్చి, మీరేదో మార్చినంక టైమ్‌డ్ అవుట్ వచ్చిందనుకోండి. ఇంకా నడుస్తలేదు అని నిరాశ పడొద్దు. ఎర్రర్ మారిందంటే మీరు ఒక గోడ దాటి ఇంకో గోడ కాడికి వచ్చిండ్రు. ఎర్రర్ మాటలను ఉన్నదున్నట్టు నోట్‌బుక్కుల రాసుకునే అలవాటు చేసుకోండి, పక్కన టైము కూడ.

ఇగ మిర్యాలగూడ దిక్కు ఒక రైస్ మిల్లు ముచ్చట, ఇది జర కష్టమైనది. పింగ్ పోతది, పేర్లు దొరుకుతయ్, చిన్న పేజీలు తెరుచుకుంటయ్. లారీ లోడు కాగితం ఫోటో తీసి సైటుల ఎక్కిస్తే మాత్రం సగంల ఆగుతది. బయట లారీ ఇంజిన్ నడుస్తనే ఉంటది, డ్రైవర్ వచ్చి వచ్చి పోతడు. అందరూ అప్‌లోడ్ స్పీడు తక్కువ అనుకున్నరు. స్పీడు టెస్టు చేస్తే స్పీడు బాగనే ఉన్నది. అసలు సంగతి ప్యాకెట్ సైజు. మామూలు ఈథర్‌నెట్‌ల ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాక ఉండొచ్చు. ఫైబర్ కనెక్షన్లల్ల యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కలిపేది పీపీపీఓఈ. అది 8 బైట్లు తన కోసం తీసుకుంటది, 1492 మిగులుతయ్. దానికన్న పెద్ద ప్యాకెట్ వస్తే నడుమ రౌటర్ ‘ఇది పట్టదు, చిన్నది చెయ్యి’ అని ఒక ఐసీఎంపీ కబురు పంపాలె. నెట్‌వర్క్‌ల తప్పుల కబుర్లు, పింగ్‌లు మోసేది ఐసీఎంపీ. ఆ మిల్లుల ఎవలో భద్రత పేరు మీద పింగ్‌ను వదిలి మిగిలిన ఐసీఎంపీ అంతా బంద్ చేసి పెట్టిన్రు. కబురు రాదు, పెద్ద ప్యాకెట్లు తొవ్వలనే మాయమైతయ్, చిన్నవి మాత్రం పోతయ్.

దీన్ని ఎట్ల పట్టాలెనో చూడండి. ‘పింగ్ హైఫన్ ఎఫ్ హైఫన్ ఎల్ 1472’ అని కొట్టి ఒక బయటి అడ్రస్ ఇయ్యండి. ఎఫ్ అంటే ఈ ప్యాకెట్‌ను ముక్కలు చెయ్యొద్దు అని. 1472కు, ప్యాకెట్ మీద అడ్రస్‌లు రాసుండే హెడర్లవి 28 కలిపితే 1500. జవాబు రాలేదు. 1464 అని కొడ్తే వచ్చింది. 1464కు 28 కలిపితే 1492. లెక్క సరిపోయింది. రౌటర్ల ఎంటీయూ, అంటే ప్యాకెట్ పెద్ద సైజు, 1492 పెట్టి, ఎంఎస్ఎస్, అంటే అందుల పట్టే అసలు డేటా, 1452కు కట్టేసి, ఆ ఐసీఎంపీ అడ్డు తీసేస్తే ఫోటోలు ఎక్కుడు మొదలైనయ్. ఐసీఎంపీని గుండుగుత్తగ బంద్ చెయ్యమని ఎవలన్న సలహా ఇస్తే వినొద్దని మనవి. నెట్‌వర్క్ తన కష్టం చెప్పుకునే గొంతు అది.

ట్రేసర్ట్ గురించి తొందరగ చెప్త. ‘ట్రేసర్ట్ 8.8.8.8’ కొడ్తే మన కాడి నుంచి నడుమ ఒక్కో రౌటర్ వరుసగ వస్తది, ఒక్కోదాన్ని ‘హాప్’ అంటరు. ప్రతి ప్యాకెట్‌ల టీటీఎల్ అని ఒక లెక్క ఉంటది, ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతది, సున్నా అయితే ఆ రౌటర్ దాన్ని పారేసి మనకు కబురు పంపుతది. ట్రేసర్ట్ కావాలని 1, 2, 3 అని పెట్టి పంపుతది, ఎవలు ఎక్కడ పారేసిన్రో పేర్లు రాసుకుంటది. నడుమ ఒక వరుసల చుక్కలు వచ్చినయని అక్కడ తెగింది అనుకోవద్దు. ఆ రౌటర్ జవాబియ్యదు గానీ దాటియ్యొచ్చు. దాని తర్వాత వరుసలు వస్తున్నయా లేదా అదే చూడాలె. మొదటి వరుస మీ రౌటర్. రెండో వరుస నుంచి ఆఖరి దాక చుక్కలే ఉన్నయంటే కంపెనీ లైను దిక్కు చూడాలె. రోడ్డు వెడల్పు పనులల్ల జేసీబీ ఫైబర్ తెంపితే ఇట్లనే కనిపిస్తది. ఆ తెరను ఫోటో తీసి కంప్లైంట్‌కు జోడించండి. ‘నెట్ వస్తలేదు’ అంటే వాళ్లు రౌటర్ రీస్టార్ట్ చెయ్యండి అంటరు. ‘గేట్‌వే పింగ్ పోతున్నది, రెండో హాప్ నుంచి జవాబు లేదు, పొద్దుగాల 10:40 నుంచి’ అంటే లైన్‌మ్యాన్ వస్తడు.

(సభలో ఒకరు: అన్నా, రౌటర్ బంద్ చేసి ఆన్ చేస్తే సగం సమస్యలు పోతయ్ గదా, ఇదంతా ఎందుకు?)

పోతయ్. నేను కూడ చేస్త. కానీ చేసే ముందు ఒక్క నిమిషం పెట్టి ఐపీకాన్ఫిగ్, రెండు పింగ్‌లు కొట్టి ఫోటో తీసుకో తమ్మీ. రౌటర్ బంద్ చేస్తే, ఏమైందో రాసుకునే దాని లోపలి లాగ్ చాలా వాటిల్ల తుడిచిపెట్టుకపోతది. రేపు మళ్ల అదే టైముకు ఆగితే నీ చేతిల ఏ ఆధారం ఉండదు. రోజూ మధ్యాహ్నం రీస్టార్ట్ చేసే సెంటర్లు నాకు తెలుసు. అక్కడ ఏడాది కిందటి సమస్యే ఇంకా ఉన్నది.

(ఇంకొకరు: పొలం కాడ మోటర్ దగ్గర సీసీ కెమెరా పెట్టిన. బయటినుంచి వచ్చేది కెమెరాకు పోయేటట్టు రౌటర్ల పోర్ట్ ఫార్వర్డ్ చేసిన. ఇంటి వైఫై మీద వస్తది, ఊరు దాటితే వస్తలేదు.)

మంచి ప్రశ్న, ఈ జిల్లాలల్ల చాలామంది ఇదే అడుగుతరు. రౌటర్ పేజీల ‘వాన్ ఐపీ’ అని ఉంటది, కంపెనీ దిక్కు నుంచి రౌటర్‌కు వచ్చిన అడ్రస్ అది, రాసుకో. తర్వాత బ్రౌజర్‌ల ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని కొడ్తే బయటికి కనిపించే ఐపీ వస్తది. రెండూ ఒకటే అయితే ఫార్వర్డింగ్‌ల తప్పు వెతుకు. వేరే అయ్యి, వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 నడుమ ఉంటే నువ్వు కంపెనీ పెద్ద ‘నాట్’ ఎనుక, అంటే అడ్రస్‌లు మార్చి పంపే ఏర్పాటు ఎనుక ఉన్నవు. ఆ అడ్రస్‌లను 2012ల ఈ పని కోసమే పక్కకు పెట్టిన్రు. ఐపీవీ4 అడ్రస్‌లు సరిపోక కంపెనీలు చాలా ఇండ్లను ఒకే బయటి అడ్రస్ ఎనుక కూసోబెడ్తున్నయ్. బయటినుంచి వచ్చే ప్యాకెట్ నీ రౌటర్ దాక రానే రాదు. నువ్వు ఎన్ని పోర్టులు తెరిచినా లాభం ఉండదు. కంపెనీని స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడుగు, పైసలు తీసుకొని ఇస్తరు. లేదా కెమెరాలనే క్లౌడ్ యాప్ ఉంటే అది వాడు, ఎందుకంటే అప్పుడు కెమెరానే లోపలినుంచి బయటికి కనెక్షన్ పెట్టుకుంటది. పోర్ట్ ఫార్వర్డ్ పెట్టినోళ్లు అందరూ ఒక పని చెయ్యండి. కెమెరాతోని వచ్చిన పాస్‌వర్డ్ ఇయ్యాలనే మార్చండి. మీ పొలం మీకు కనిపించేటట్టు తెరిచిన తలుపు లోకానికంతా తెరిచే ఉంటది.

ఇగ మాటలు చాలు. అటు టేబుల్ మీద ఆరు ల్యాప్‌టాప్‌లు పెట్టిన. ఒక్కోదాంట్ల నేను ఒక్కో తప్పు పెట్టి ఉంచిన. ఒకదాంట్ల డీఎన్ఎస్, ఒకదాంట్ల గేట్‌వే, ఒకదాంట్ల తారీఖు, ఇంకో మూడు చెప్ప. ఒక సెంటరాయన, ఒక విద్యార్థి జంటగ కూసోండి. బ్రౌజర్ ముట్టొద్దు, నల్ల తెర మీదనే పట్టాలె. ఏ ఎర్రర్ వచ్చిందో కాగితం మీద రాసినంకనే సరిచెయ్యండి. రాండ్రి.